పాలీలాంగ్ ట్యాగులు పెట్టినా పేజీ ఇంగ్లీషులోనే ఉంటోందా? ప్లగిన్ మార్చే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది ఇది. వర్డ్‌ప్రెస్‌లో సొంతంగా రాసుకున్న థీమ్, అందులో పాలీలాంగ్ (సైట్‌ను ఒకటికి మించిన భాషల్లో నడిపే ప్లగిన్), రెండు భాషలు: ఇంగ్లీషు, తెలుగు. హెడర్‌లో భాష మార్చే ట్యాగ్ (టెంప్లేట్‌లో రాసే పీహెచ్‌పీ ఫంక్షన్) పెట్టారు, అందులో తెలుగు కనబడటం లేదు. ఫుటర్‌లో వాక్యాలను పీఎల్ఎల్-ఈ ట్యాగ్‌లో (వాక్యం అనువాదాన్ని చూపించే పాలీలాంగ్ ట్యాగ్) పెట్టారు, అవి ఇంగ్లీషులోనే వస్తున్నాయి. థీమ్‌కు తెలుగు ఎమ్ఓ ఫైలు (కోడ్‌లోని మాటల అనువాదాలుండే ఫైలు) కూడా తయారు చేసి పెట్టారు, బటన్ల మీద మాటలు మారలేదు. తెలుగు పేజీలో ఉన్న "సంప్రదించండి" లింకు నొక్కితే మళ్ళీ అదే పేజీ తెరుచుకుంటోంది. ట్యాగ్ రాయడంలో తప్పుందా, ప్లగిన్‌లోనే లోపముందా, వేరే ప్లగిన్‌కు మారాలా అని మీ సందేహం.

ప్లగిన్ మార్చొద్దు. మీరు చెప్పిన నాలుగూ ఒకే జబ్బు కాదు, నాలుగు వేర్వేరు కారణాలు. మీ వర్ణన బట్టి చూస్తే ట్యాగులు దాదాపు సరిగ్గానే రాశారు. అవి వెతుకుతున్న చోట అనువాదం లేదు, అంతే. హెడర్‌లో తెలుగు రాకపోవడానికి కారణం ఆ భాషలో ప్రచురించిన పోస్టు లేదా పేజీ ఇంకా ఒక్కటి కూడా లేకపోవడం అయ్యుంటుంది. ఫుటర్ వాక్యాలు రిజిస్టర్ కాలేదు, లేదా తప్పు చోట రిజిస్టర్ చేశారు. బటన్ల విషయంలో ఎమ్ఓ ఫైలు పేరు చూడాలి. లింకు విషయంలో ఆ పేజీకి తెలుగు జత కుదరలేదు. ఒక్కోటీ వివరంగా రాస్తాను. ట్యాగుల పేర్లు నోటితో చెప్పుకునేలాగే రాస్తున్నాను, మధ్యలో గీత ఉన్న చోట మీ కోడ్‌లో అండర్‌స్కోర్ ఉంటుంది (ఫైళ్ళ, ఫోల్డర్ల పేర్లలో మాత్రం గీత గీతే).

అన్నిటికంటే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి, ఎందుకంటే అనువాద ట్యాగులతో కుస్తీ పడే వాళ్ళంతా గంటల కొద్దీ సమయం పోగొట్టుకునేది ఇక్కడే. అనువాదం దొరకకపోతే ఈ ట్యాగులు ఎర్రర్ ఇవ్వవు. మనం ఇచ్చిన వాక్యాన్నే తిరిగి చేతిలో పెడతాయి. వర్డ్‌ప్రెస్ సొంత గెట్‌టెక్స్ట్ ఫంక్షన్లు (ఎమ్ఓ ఫైల్లో అనువాదం వెతికేవి) అంతే, పాలీలాంగ్‌వీ అంతే. సందర్శకుడికి ఖాళీ కనబడకూడదు, మూల వాక్యమైనా కనబడాలి అని అలా తయారు చేశారు, అది మంచి నిర్ణయమే. కానీ సరిచేసే మనకు మాత్రం ఫైలు దొరకలేదా, పేరు తప్పా, వాక్యం కలవలేదా, భాషే ఇంకా నిర్ణయం కాలేదా అన్నది తెలియదు, అన్నిటికీ ఒకటే లక్షణం: ఇంగ్లీషు. అందుకే ఊహించడం మానేసి ట్యాగ్ చేత మాట్లాడించాలి. ఎలాగో కింద చెప్తాను.

మొదటి పని, ఆ వాక్యం ఏ గూటికి చెందిందో తేల్చుకోవడం. వర్డ్‌ప్రెస్ పేజీ మీద కనబడే మాటలు మూడు చోట్ల నుంచి వస్తాయి. మీరు పోస్టులో, పేజీలో రాసినవి డేటాబేస్‌లో ఉంటాయి, వాటికి తెలుగు ప్రతి విడిగా రాసి జత చేయాలి. థీమ్ లేదా ప్లగిన్ కోడ్‌లో రాసినవి గెట్‌టెక్స్ట్ దారిలో వెళ్తాయి, వాటి తెలుగు ఎమ్ఓ ఫైల్లో ఉంటుంది. సెట్టింగుల్లో, కస్టమైజర్‌లో, విడ్జెట్లలో టైప్ చేసినవి (సైట్ ట్యాగ్‌లైన్, ఫుటర్‌లో కాపీరైట్ వాక్యం లాంటివి) పాలీలాంగ్ స్ట్రింగుల పట్టికలోకి వెళ్ళాలి. ఒక గూటి వాక్యానికి ఇంకో గూటి ట్యాగ్ వేస్తే ఎంత జాగ్రత్తగా వేసినా మారదు. నా దగ్గరికి వచ్చిన సైట్లలో సగానికి పైగా గొడవ ఇదే: ఎమ్ఓ ఫైల్లో అనువాదం పెట్టి పీఎల్ఎల్-ఈ తో పిలవడం, లేదా స్ట్రింగుల పట్టికలో తెలుగు రాసి గెట్‌టెక్స్ట్ ఫంక్షన్‌తో పిలవడం. ఈ రెండు పట్టికలూ ఒకదాన్నొకటి చూసుకోవు.

ఇక హెడర్ సంగతి. భాషల జాబితా (స్విచ్చర్) చూపించే పీఎల్ఎల్-ది-లాంగ్వేజెస్ ట్యాగ్‌కు హైడ్-ఇఫ్-ఎంప్టీ అనే ఒక ఆప్షన్ ఉంది, మనం ఏమీ చెప్పకపోతే దాని విలువ 1. అంటే ప్రచురించిన పోస్టు లేని భాషను జాబితాలోంచి తీసేస్తుంది. డ్రాఫ్టులు లెక్కలోకి రావు. కొత్తగా తెలుగు కలిపి, పేజీలన్నీ డ్రాఫ్ట్‌గా పెట్టుకుని, స్విచ్చర్ పనిచేస్తుందా లేదా అని చూసే వాళ్ళందరికీ ఇదే జరుగుతుంది. ఒక్క తెలుగు పేజీ ప్రచురించండి, లేదా ఆ ఆప్షన్‌కు 0 ఇవ్వండి. ఇంకో చిన్న విషయం, డ్రాప్‌డౌన్ కాకుండా మామూలుగా వాడితే ఈ ట్యాగ్ ఎల్ఐ అంశాలనే ఇస్తుంది, చుట్టూ యూఎల్ మనమే పెట్టాలి. అది పెట్టకపోతే సీఎస్ఎస్ చెల్లాచెదురై కొన్ని థీముల్లో జాబితా అసలు కంటికే ఆనదు, వస్తున్నా రావడం లేదనుకుంటాం. పేజీ సోర్స్ తెరిచి చూస్తే తేలిపోతుంది.

తెలుగు నొక్కితే ఆ పేజీ తెలుగు ప్రతికి కాకుండా తెలుగు హోమ్ పేజీకి వెళ్తుంటే అది లోపం కాదు, ఆ పేజీకి అనువాదం జత కాలేదని అర్థం. అలాంటప్పుడు ఆ భాషను దాచేయాలంటే హైడ్-ఇఫ్-నో-ట్రాన్స్‌లేషన్‌కు 1 ఇవ్వండి. నేనైతే దాచను. చదివే మనిషికి తన భాష ఈ సైట్‌లో ఉందని తెలియడం ముఖ్యం, ఒక పేజీలో కనబడి ఇంకో పేజీలో మాయమయ్యే బటన్‌ను ఎవరూ నమ్మరు.

ఫుటర్ వాక్యాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, మీ అసలు సమస్య ఇక్కడుంది. పీఎల్ఎల్-ఈ పనిచేయాలంటే ఆ వాక్యం ముందుగా పీఎల్ఎల్-రిజిస్టర్-స్ట్రింగ్ ద్వారా నమోదు కావాలి, ఆ తర్వాత అడ్మిన్‌లో లాంగ్వేజెస్ మెనూ కింద అనువాదాల పేజీలో దాని పక్కన తెలుగు రాసి సేవ్ చేయాలి. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఆ నమోదు అడ్మిన్ వైపు జరగాలి. మీరు రిజిస్టర్ చేసే లైన్‌ను ఫుటర్ టెంప్లేట్‌లోనే, పీఎల్ఎల్-ఈ కి పైన, పెట్టానని రాశారు. ఫుటర్ టెంప్లేట్ సందర్శకుడు పేజీ తెరిచినప్పుడే నడుస్తుంది, మీరు అడ్మిన్‌లో అనువాదాల పేజీ తెరిచినప్పుడు నడవదు. కాబట్టి ఆ పట్టికలో మీ వాక్యం ఎప్పటికీ రాదు. ఆ లైన్‌ను థీమ్ ఫంక్షన్స్ ఫైల్లోకి మార్చండి, ఇనిట్ హుక్‌కు (వర్డ్‌ప్రెస్ సిద్ధమయ్యే దశలో మన కోడ్‌ను నడిపే చోటు) కట్టండి, పట్టిక మళ్ళీ తెరవండి, వాక్యం అక్కడ ఉంటుంది. మార్చేటప్పుడు ఫంక్షన్-ఎగ్జిస్ట్స్ షరతు (ఆ ఫంక్షన్ ఉంటేనే పిలవమనేది) తప్పకుండా పెట్టండి. అది లేకపోతే ఏదో ఒక రోజు అప్‌డేట్ కోసం పాలీలాంగ్‌ను ఆపిన క్షణాన సైట్ మొత్తం కూలిపోతుంది, అడ్మిన్‌తో సహా, ఎందుకంటే ఫంక్షన్స్ ఫైలు అక్కడా నడుస్తుంది.

వాక్యం నమోదయ్యింది, తెలుగు రాశారు, అయినా మారలేదు అనుకోండి. అప్పుడు వాక్యాన్ని అక్షరం అక్షరం పోల్చండి. ఇక్కడ తాళంచెవి మీరిచ్చిన పేరు కాదు, వాక్యమే. రిజిస్టర్ చేసేటప్పుడు మొదట ఇచ్చే పేరు పట్టికలో మనం గుర్తుపట్టడానికి మాత్రమే. టెంప్లేట్‌లో వాక్యం చివర ఒక స్పేస్ ఎక్కువున్నా, ఫుల్‌స్టాప్ తేడా ఉన్నా అది వేరే వాక్యం కింద లెక్క. ఒకసారి నేను పూర్తి సాయంత్రం ఒక్క వాక్యం మీద పోగొట్టుకున్నాను. రెండు చోట్లా చూడటానికి అచ్చంగా ఒకేలా ఉంది. చివరికి తేలిందేమిటంటే, క్లయింటు ఆ వాక్యాన్ని వర్డ్ డాక్యుమెంట్ నుంచి కాపీ చేసి పంపారు, అందులో అపాస్ట్రఫీ వంపు తిరిగినది, కోడ్‌లో నేను టైప్ చేసింది నిటారుగా ఉన్నది. అప్పటి నుంచి అపాస్ట్రఫీ ఉన్న వాక్యం మారకపోతే మొదట దాన్నే చూస్తాను.

ఇంకో బాధ కూడా ఇక్కడి నుంచే వస్తుంది. వాక్యమే తాళంచెవి కాబట్టి, ఎవరైనా ఇంగ్లీషు వాక్యంలో ఒక మాట మార్చారంటే తెలుగు అనువాదం తెగిపోతుంది. కస్టమైజర్‌లో కాపీరైట్ సంవత్సరం మార్చగానే తెలుగు పేజీలో ఆ లైన్ ఇంగ్లీషులోకి తిరిగిపోవడం నేను చాలా సైట్లలో చూశాను. సంవత్సరం లాంటి మారే విషయాన్ని వాక్యంలో పెట్టకండి, బయట ఉంచి కోడ్‌తో కలపండి. సెట్టింగుల్లోంచి వచ్చే వాక్యాలు చాలా ఉంటే ఒక్కోటీ చేత్తో రిజిస్టర్ చేసే బదులు డబ్ల్యూపీఎమ్ఎల్-కాన్ఫిగ్ అనే ఎక్స్ఎమ్ఎల్ ఫైలు థీమ్ ఫోల్డర్‌లో పెట్టొచ్చు. పేరు ఇంకో ప్లగిన్‌ది అయినా పాలీలాంగ్ కూడా దాన్ని చదువుతుంది. ఏ ఆప్షన్లను అనువదించాలో అందులో రాస్తే చాలు.

అడిగారు కాబట్టి ఇదీ చెప్తాను, పీఎల్ఎల్-ఈ కి, చివర రెండు అండర్‌స్కోర్లున్న దాని తమ్ముడికి తేడా ఒక్కటే. మొదటిది వాక్యాన్ని అక్కడికక్కడే అచ్చు వేస్తుంది, రెండోది చేతికి ఇస్తుంది. గెట్‌టెక్స్ట్‌లో ఉన్న జంటకు కూడా ఇదే తేడా. వాక్యం పేజీ నెత్తిన ఎక్కడో సంబంధం లేని చోట పడుతుంటే, అచ్చు వేసే ట్యాగ్‌ను ఇంకో స్ట్రింగ్ మధ్యలో అతికించారని అర్థం. ఏమీ రాకుండా ఖాళీగా ఉంటే, చేతికిచ్చే ట్యాగ్ వాడి ఎకో (అచ్చు వేసే పీహెచ్‌పీ ఆదేశం) మరిచిపోయారన్నమాట. ఈ రెండు లక్షణాలూ గుర్తుంటే కోడ్ చూడకుండానే చెప్పేయొచ్చు.

బటన్ల దగ్గరికి వద్దాం. మీ ఫైలు పేరులో టీ, ఈ అక్షరాల తర్వాత అండర్‌స్కోర్, ఐఎన్ అని ఉంది. వర్డ్‌ప్రెస్‌లో తెలుగు లొకేల్ (భాషను గుర్తించే కోడ్) ఉత్త టీఈ మాత్రమే, వెనక దేశం కోడ్ లేదు. హిందీకి, తమిళానికి, మలయాళానికి ఐఎన్ ఉంటుంది, తెలుగుకు, కన్నడకు ఉండదు. వాటిని చూసి మనదీ అలాగే ఉంటుందనుకోవడం సహజమే, నేనూ మొదటిసారి అలాగే పెట్టాను. ఆ పేరుతో ఫైలుంటే వర్డ్‌ప్రెస్ దాన్ని తెరవనే తెరవదు, తెరవలేదని చెప్పదు కూడా.

పేరులో రెండో మెలిక ఏమిటంటే, థీమ్ ఫోల్డర్ లోపలున్న లాంగ్వేజెస్ ఫోల్డర్‌లో అయితే ఫైలు పేరు లొకేల్ ఒక్కటే, అంటే టీఈ, చుక్క, ఎమ్ఓ. అదే ఫైలును డబ్ల్యూపీ-కంటెంట్ కింద లాంగ్వేజెస్, అందులో థీమ్స్ ఫోల్డర్‌లో పెడితే ముందు టెక్స్ట్ డొమైన్ (ఆ థీమ్ అనువాదాలకు పెట్టిన గుర్తింపు పేరు), తర్వాత హైఫన్, తర్వాత టీఈ ఉండాలి. ప్లగిన్లకు ఎక్కడ పెట్టినా టెక్స్ట్ డొమైన్ ఉండాల్సిందే. నేను థీమ్ ఫోల్డర్‌లో పెట్టను, బయటి లాంగ్వేజెస్ ఫోల్డర్‌లోనే పెడతాను, థీమ్ అప్‌డేట్ అయినప్పుడు లోపలి ఫైలు తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి. మీది సొంత థీమ్ కనుక ఎక్కడైనా ఫర్వాలేదు.

పేరు సరిచేశాక కూడా మారకపోతే టెక్స్ట్ డొమైన్ చూడండి. ప్రతి ట్యాగ్‌లోనూ ఒక విలువగా అది ఉండాలి, నేరుగా అక్షరాల్లో ఉండాలి. దాన్ని వేరియబుల్‌లోనో కాన్‌స్టంట్‌లోనో పెట్టి వాడితే పేజీ నడిచేటప్పుడు ఇబ్బంది లేదు గానీ, వాక్యాలను ఏరి పీఓటీ ఫైలు (అనువదించాల్సిన వాక్యాల జాబితా) తయారు చేసే పనిముట్లు పీహెచ్‌పీని నడపవు, పాఠంలా చదువుతాయి, అందుకని వాటికి ఆ డొమైన్ ఏమిటో తెలియదు. అనువదించాల్సిన వాక్యాన్నే వేరియబుల్‌లో పెట్టి ట్యాగ్‌కు ఇచ్చినా అదే పరిస్థితి, ఆ వాక్యం మీ పీఓ ఫైల్లోకి (అనువాదాలు రాసే ఫైలు) రాదు, రానిదాన్ని అనువదించలేం. చైల్డ్ థీమ్ (పేరెంట్ అనే ఇంకో థీమ్ మీద ఆధారపడి మార్పులు చేసేది) వాడే వాళ్ళకు ఇంకో మాట: చైల్డ్‌లో కొత్తగా రాసిన వాక్యాలకు పేరెంట్ డొమైన్ పెడితే అవి పేరెంట్ ఎమ్ఓ ఫైల్లో వెతుకుతాయి, అక్కడ ఉండవు.

2024లో వచ్చిన రెండు మార్పులు చాలామందిని తికమక పెట్టాయి, మీకూ తగలొచ్చు. వర్డ్‌ప్రెస్ 6.5 నుంచి అనువాదాలు ఎమ్ఓ తో పాటు పీహెచ్‌పీ ఫైలు రూపంలోనూ వస్తున్నాయి, పేరు చివర ఎల్10ఎన్ చుక్క పీహెచ్‌పీ అని ఉంటుంది. వేగం కోసం పెట్టారు. రెండూ పక్కపక్కనే ఉంటే పీహెచ్‌పీ దాన్నే తీసుకుంటుంది. పోఎడిట్ అనే అనువాద పనిముట్టులో ఒక మాట సరిచేసి ఎమ్ఓ మాత్రమే అప్‌లోడ్ చేస్తే పాత పీహెచ్‌పీ ఫైలే గెలుస్తుంది, ఎన్నిసార్లు అప్‌లోడ్ చేసినా పాత అనువాదమే వస్తుంది. క్యాష్ అనుకుని అన్నీ ఖాళీ చేస్తూ కూర్చుంటాం. ఆ పాత ఫైలును తీసేయండి, లేదా రెండూ తయారు చేసే పనిముట్టు వాడండి.

రెండోది 6.7. ఇందులో, అనువాదాన్ని మరీ ముందుగా అడిగితే డీబగ్ మోడ్‌లో ఒక హెచ్చరిక వస్తుంది, ఇనిట్ దగ్గర లేదా ఆ తర్వాత అడగాలని చెప్తుంది. చాలామంది దాన్ని చూసి విసుక్కుని డీబగ్ ఆపేశారు. దయచేసి ఆపకండి, అది మనకు మేలు చేసే హెచ్చరిక. ఇంతకాలం మౌనంగా జరిగిన ఒక తప్పును మొదటిసారి నోరు తెరిచి చెప్తోంది. ఫంక్షన్స్ ఫైల్లో పైనే, ఏ హుక్ లోపలా కాకుండా, బటన్ల మాటలన్నీ ఒక అర్రేలో (విలువల జాబితాలో) అనువదించి పెట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. ఫైలు చదివిన క్షణాన ఆ అనువాదం జరిగిపోతుంది. అప్పటికి భాష ఏమిటో తేలకపోతే ఇంగ్లీషు వాక్యాలే అర్రేలో గడ్డకట్టుకుని కూర్చుంటాయి, ఆ తర్వాత భాష తేలినా అవి మారవు.

భాష ఎప్పుడు తేలుతుందనేది మీ యూఆర్ఎల్ సెట్టింగ్ మీద ఆధారపడి ఉంటుంది. అడ్రస్‌లోనే భాష కోడ్ ఉంటే పాలీలాంగ్ చాలా తొందరగా తెలుసుకుంటుంది. కంటెంట్‌ను బట్టి భాష తెలుసుకునే సెట్టింగ్ ఉన్న పాత సైట్లలో మాత్రం ఏ పోస్టు తెరిచారో తేలే దాకా, అంటే డబ్ల్యూపీ అనే హుక్ దాకా ఆగాలి. ఈలోపు పీఎల్ఎల్-కరెంట్-లాంగ్వేజ్ అడిగితే ఫాల్స్ వస్తుంది. టెంప్లేట్ ఫైళ్ళు దీని తర్వాతే నడుస్తాయి కాబట్టి అక్కడ రాసినవి బాగుంటాయి, ఇనిట్‌లో రాసినవి దెబ్బతింటాయి. "హెడర్‌లో పనిచేస్తోంది, ఫంక్షన్స్‌లో పనిచేయడం లేదు" అని ఎవరైనా అంటే నేను ముందు ఈ సెట్టింగే అడుగుతాను.

అజాక్స్ (పేజీ మళ్ళీ తెరవకుండానే డేటా తెచ్చే పద్ధతి) కూడా ఈ కోవదే. "మరిన్ని చూడండి" నొక్కగానే వచ్చే పోస్టులు వేరే భాషలో వస్తున్నాయంటే, ఆ అభ్యర్థన వెళ్ళే అడ్రస్‌లో భాష కోడ్ లేదు, పాలీలాంగ్ కుకీ చూసి ఊహించుకుంటోంది. మీ జావాస్క్రిప్ట్ పంపే డేటాలో లాంగ్ అనే పేరుతో (ఎల్, ఏ, ఎన్, జీ) ప్రస్తుత భాష కోడ్ కలిపి పంపండి. ఊహకు వదిలేయకండి.

లింకు సమస్య విన్నప్పుడు మాత్రం నాకు వెంటనే కారణం తట్టింది, ఎందుకంటే ఇదే నన్నూ ఒకసారి బాగా ఇబ్బంది పెట్టింది. మీరు పీఎల్ఎల్-గెట్-పోస్ట్‌తో సంప్రదింపు పేజీ తెలుగు ఐడీ తీసుకుని, దాన్ని నేరుగా గెట్-పర్మలింక్‌కు ఇస్తున్నారు. తెలుగు ప్రతి ఉంటే బాగానే ఉంటుంది. లేకపోతే మొదటి ఫంక్షన్ నుంచి ఖాళీ విలువ వస్తుంది, గెట్-పర్మలింక్‌కు ఖాళీ ఇస్తే "ఇప్పుడు తెరిచున్న పోస్టు" అని అర్థం చేసుకుని దాని అడ్రస్ ఇస్తుంది. అందుకే నొక్కితే అదే పేజీ. ఎర్రర్ లేదు, లింకు చూడటానికి బాగానే ఉంది, ఎటూ వెళ్ళదు. మధ్యలో ఒక షరతు పెట్టండి: తెలుగు ఐడీ ఉంటే అది, లేకపోతే మూల ఐడీ. ఆ తర్వాత అడ్మిన్‌లో ఆ రెండు పేజీలూ నిజంగా జత అయ్యాయో లేదో చూడండి. తెలుగు పేజీని విడిగా "కొత్త పేజీ" అని తయారు చేసి భాష తెలుగుకు మారిస్తే సరిపోదు, ఇంగ్లీషు పేజీ పక్కనున్న ప్లస్ గుర్తు నుంచి తయారు చేయాలి, లేదా ఎడిటర్‌లో భాషల పెట్టెలో రెండో దాని పేరు టైప్ చేసి కలపాలి.

క్యాష్ గురించి అందరూ చెప్తారు కాబట్టి కొంచెమే చెప్తాను. పేజీ క్యాష్ ఖాళీ చేయండి, లాగిన్ కాని విండోలో చూడండి. అయితే ఎవరూ చెప్పని క్యాష్ ఒకటుంది, థీమ్ కోడ్ లోపలే వాడే ట్రాన్సియెంట్ (గడువు పెట్టి దాచుకునే తాత్కాలిక విలువ). ఒక సైట్‌లో మెనూ కొన్నిసార్లు తెలుగులో, కొన్నిసార్లు ఇంగ్లీషులో వచ్చేది, ఏ పద్ధతీ కనబడలేదు, క్లయింటు పాపం టెన్షన్‌తో రోజూ స్క్రీన్‌షాట్లు పంపేవారు. చూస్తే, థీమ్ రాసినవారు వేగం కోసం మెనూ హెచ్‌టీఎమ్ఎల్‌ను ఒకే పేరుతో ట్రాన్సియెంట్‌లో దాచారు. గడువు తీరగానే మొదట ఏ భాష సందర్శకుడు వస్తే ఆ భాష మెనూ దాఖలయ్యేది, తర్వాత గడువు దాకా అందరికీ అదే. ట్రాన్సియెంట్ పేరు చివర భాష కోడ్ కలపగానే కుదుటపడింది. మీ థీమ్‌లో సెట్-ట్రాన్సియెంట్ అని ఒకసారి వెతకండి.

మీరు అడగలేదు గానీ, అనువాదాలు పనిచేయడం మొదలయ్యాక తగిలేది ఇంకోటి ఉంది, ముందే చెప్పడం నా బాధ్యత. మీ టెంప్లేట్‌లో "ఎవరు రాశారు, ఏ తేదీన" అనే లైన్ ఇంగ్లీషు వరుసలో ముక్కలు ముక్కలుగా ఉంది: "బై" అనేది ఒక ట్యాగ్, తర్వాత పేరు, "ఆన్" అనేది ఇంకో ట్యాగ్, తర్వాత తేదీ. దీన్ని తెలుగులోకి ఎవరూ సరిగ్గా అనువదించలేరు. మనకు విభక్తి పేరు వెనక వస్తుంది, తేదీ ముందుకొస్తుంది. ముక్కలను అనువదిస్తే "ద్వారా ఫలానా పై ఫలానా తేదీ" లాంటి వాక్యం వస్తుంది, అలాంటివి మన సైట్లలో ఇప్పటికే చాలా ఉన్నాయి, చదివితే ప్రాణం ఉసూరుమంటుంది. మొత్తం వాక్యాన్ని ఒకే ట్యాగ్‌లో పెట్టి, మారే చోట్లకు అంకెలున్న గుర్తులు వాడండి. శాతం గుర్తు, 1, డాలర్ గుర్తు, ఎస్ అని రాస్తే మొదటి విలువ, 2 అయితే రెండోది. అప్పుడు తెలుగు అనువాదంలో రెండోదాన్ని ముందు పెట్టుకోవచ్చు. అంకెలు లేకుండా వరుస మారిస్తే పేరున్న చోట తేదీ, తేదీ ఉన్న చోట పేరు వస్తాయి.

ఇందులో ప్రమాదం కూడా ఉంది. పీహెచ్‌పీ 8 నుంచి, అనువాదంలో ఈ గుర్తులు ఇవ్వాల్సిన దానికంటే ఎక్కువుంటే స్ప్రింట్ఎఫ్ (ఆ గుర్తుల్లో విలువలు నింపే పీహెచ్‌పీ ఫంక్షన్) హెచ్చరికతో సరిపెట్టదు, పేజీనే ఆపేస్తుంది. 7లో చిన్న వార్నింగ్‌తో పోయేది. అంటే ఇంగ్లీషు పేజీ చక్కగా తెరుచుకుంటుంది, తెలుగు పేజీ మాత్రం కూలిపోతుంది, కోడ్‌లో మీరేమీ మార్చలేదు. స్ప్రింట్ఎఫ్ గుండా వెళ్ళే వాక్యంలో అనువాదకులు "100% ఉచితం" అని రాసినా ఇదే గతి, ఆ శాతం గుర్తును రెండుసార్లు రాయాలి. కాబట్టి తెలుగు వైపు మాత్రమే క్రిటికల్ ఎర్రర్ వస్తే ముందు పీఓ ఫైలు తెరవండి, కోడ్ తర్వాత.

ట్యాగ్ చేత మాట్లాడించడం ఎలాగో చెప్తానన్నాను. రెండు పద్ధతులు. ఒకటి, తెలుగు పేజీ ఫుటర్‌లో హెచ్‌టీఎమ్ఎల్ కామెంట్ లోపల మూడు విలువలు అచ్చు వేయించండి: గెట్-లొకేల్ ఏమంటోంది, పీఎల్ఎల్-కరెంట్-లాంగ్వేజ్ ఏమంటోంది, ఈజ్-టెక్స్ట్‌డొమైన్-లోడెడ్ మీ డొమైన్‌కు అవునంటోందా. సందర్శకులకు కనబడదు, పేజీ సోర్స్‌లో మీకు కనబడుతుంది. లొకేల్ ఇంగ్లీషు అని వస్తే భాష నిర్ణయంలోనే తేడా ఉంది, ఫైళ్ళ జోలికి వెళ్ళకండి. లొకేల్ తెలుగే అయి, డొమైన్ లోడ్ కాలేదంటే ఫైలు పేరో చోటో తప్పు. రెండూ బాగుండి వాక్యం మారలేదంటే వాక్యాలు కలవడం లేదు, లేదా గూడు తప్పు.

రెండోది ఇంకా సులువు. టెంప్లేట్‌లో మూల వాక్యం పక్కన, ట్యాగ్ బయట, మూడు చుక్కలో నక్షత్రం గుర్తో పెట్టి పేజీ తెరవండి. ఆ గుర్తు కనబడకపోతే మీరు దిద్దుతున్న ఫైలు అసలు నడవడం లేదు. చైల్డ్ థీమ్‌లో అదే పేరుతో ఇంకో ఫైలు ఉండొచ్చు, క్యాష్ ఉండొచ్చు, లేదా మీది బ్లాక్ థీమ్ అయ్యుండొచ్చు. బ్లాక్ థీముల్లో టెంప్లేట్లు హెచ్‌టీఎమ్ఎల్ ఫైళ్ళు, వాటిలో పీహెచ్‌పీ ట్యాగులు నడవవు. మీరు హెడర్ ఫైలు అన్నారు కనుక మీది పాత పద్ధతి థీమే అనుకుంటున్నాను. పోస్టు ఎడిటర్‌లో అతికించిన పీహెచ్‌పీ కూడా నడవదు, అక్కడ కావాలంటే షార్ట్‌కోడ్ తయారు చేసుకోవాలి.

వేరే ప్లగిన్‌కు మారడం గురించి ఒక్క మాట. ఒక సైట్‌ను క్యూట్రాన్స్‌లేట్ అనే ఇంకో అనువాద ప్లగిన్ నుంచి మార్చాల్సి వచ్చింది. అది రెండు భాషల పాఠాన్నీ ఒకే పోస్టులో, మధ్యలో భాషా గుర్తులు పెట్టి దాచుతుంది. ప్లగిన్ ఆపగానే శీర్షికల్లో, పేరాల్లో, మెనూల్లో ఆ చదరపు బ్రాకెట్ల గుర్తులన్నీ బయటపడ్డాయి. వాటిని విడదీసి సరిచేయడానికి, కొత్త సైట్ కట్టడానికి పట్టేంత సమయం పట్టింది. పాలీలాంగ్‌లో అలా జరగదు, ఒక్కో భాషకు ఒక్కో పోస్టు ఉంటుంది, అయినా మారినప్పుడు జతలు, స్ట్రింగులు మళ్ళీ చూసుకోవాల్సిందే. మీ థీమ్‌లో ఉన్న పీఎల్ఎల్ ట్యాగులన్నీ కూడా తిరగరాయాలి. ఇప్పుడున్న ఇబ్బందికి అది మందు కాదు.

మీరు చేయాల్సిన వరుస నాకు తోచినంతలో ఇది. ముందు ఎమ్ఓ ఫైలు పేరు మార్చండి, రెండు నిమిషాల పని. ఆ తర్వాత రిజిస్టర్ లైన్లను ఫంక్షన్స్ ఫైల్లోకి తెచ్చి, పట్టికలో తెలుగు రాయండి. ఒక తెలుగు పేజీ ప్రచురించి స్విచ్చర్ చూడండి. లింకు దగ్గర షరతు పెట్టండి. ఒక్కో మార్పు తర్వాత ఒకసారి పేజీ చూడండి, అన్నీ కలిపి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఇంకా ఏదైనా మారకపోతే నేను చెప్పిన ఆ మూడు విలువలు, మీ యూఆర్ఎల్ సెట్టింగ్ ఏదో రాయండి, అవి ఉంటే తేల్చడం సులువు.